ఆదెమ్మ వెలిగించనివ్వని పొయ్యి

కె.ఆర్.పురంలో కడుతున్న అపార్ట్‌మెంట్ల వెనక, రేకుల షెడ్లలో ఉండే కూలీలందరికీ వంట చేసేది ఆదెమ్మ. కదిరి వైపు మనిషి. పొయ్యిలోకి ఎప్పుడూ స్లాబులకు వాడి పడేసిన సెంట్రింగ్ చెక్కల ముక్కలే. దగ్గు ఎంతకీ తగ్గకపోతే కొడుకు వెంకటేశ్ ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది.

చాటుగా బీడీలు తాగేదేమోనని షెడ్లలో గుసగుసలాడారు. ఆదెమ్మ జన్మలో బీడీ ముట్టలేదు. తాగేది భర్త మల్లయ్య. ఆయన డాక్టర్ ఫాతిమా ఎదుట తల వంచుకుని, "నా బీడీల వల్లే గదమ్మా దీనికి ఈ గతి?" అన్నాడు.

"కావచ్చు. మీరు వదిలిన పొగ పక్కవాళ్లకూ చేటే. కట్టెల పొగ, రాయి కోసేటప్పుడు లేచే దుమ్ము, రోడ్డు మీది గాలి కూడా చేటే. కొందరికి ఏ కారణమూ దొరకదు. ఈమెకు ఫలానా దానివల్లేనని తేల్చి చెప్పలేం" అంది ఫాతిమా. కణితికి సరిపడే మాత్ర ఉందని, రోజూ వేసుకోవాలని చెప్పింది.

బయటికొచ్చాక మల్లయ్య ఏడ్చాడు.

"డాక్టరమ్మకే తెలీనిది నీకెట్ల తెలిసె మామా? ఏడ్చింది చాలు. ఇంక బీడీ ముట్టొద్దు" అంది ఆదెమ్మ.

వంట కోడలు రాధిక చేతికొచ్చింది. చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని ఆమె పొయ్యి ఊదడం చూసి, ఆదెమ్మ నేరుగా మేస్త్రీ నాగరాజు దగ్గరికి పోయింది.

"గ్యాసు పొయ్యి పెట్టియ్యప్పా."

"ఇన్నేళ్లూ కట్టెలతోనే చేస్తివి గదమ్మా. నీ రోగం దానివల్లే వచ్చిందని రుజువుండాదా?"

"లేదు. పొగ మంచిది కాదని మాత్రం తెలుసు. నా కోడల్ని అందులో కూర్చోబెట్టను."

నాగరాజు ఒప్పుకోకపోవడంతో మర్నాడు ఆదెమ్మ పొయ్యి వెలిగించనివ్వలేదు. కూలీలు టిఫిన్ బండి కోసం రోడ్డు మీదికి పోయి, పనికి ఆలస్యంగా వచ్చారు. నాగరాజు కేకలేస్తుంటే, అందరికంటే ముందు గుసగుసలాడిన ఎల్లమ్మే అడ్డొచ్చింది. "ఆయమ్మ అడిగింది న్యాయమే గదప్పా" అంది.

వారం తిరక్కుండా గ్యాసు పొయ్యి వచ్చింది. వంటషెడ్డుకు ఒక పక్క రేకులు తీయించి గాలి ఆడేలా చేశారు.

తర్వాతి స్కానులో కణితి చిన్నదైంది. పూర్తిగా పోలేదని, మాత్రలు ఆపొద్దని ఫాతిమా చెప్పింది. ఆదెమ్మ సరేనంది. ఇప్పుడామె సాయంత్రాలు పక్క సైటు షెడ్లకు పోయి, అక్కడి ఆడవాళ్లకు పొగ సంగతి చెబుతోంది.

"ఆయాసం వస్తాది అత్తా, అంత దూరం పోవద్దు" అంటుంది రాధిక.

"దావలో అక్కడక్కడ కూర్చుంటా పోతాలే" అంటూ ఆదెమ్మ చెప్పులేసుకుంటుంది.