చిటికెన వేలు

మరమ్మతులు ముగిసి పెద్ద చర్చి తలుపులు మళ్ళీ తెరిచిన రోజున పెద్దల్లుడు భార్యను వెంటబెట్టుకుని వెళ్ళాడు. చూసొద్దామని ఆమెతో అన్నాడు గానీ, అతను బయల్దేరింది తప్పు పట్టడానికి.

పెద్దల్లుడూ చిన్నల్లుడూ ఒకే గురువు దగ్గర ఉలి పట్టారు. ఆ గురువే ఇద్దరికీ పిల్లనిచ్చాడు. పాత చర్చిల్లో కొయ్య విగ్రహాలు బాగుచేయడం వాళ్ళ పని. మామగారు పోయాక, ఈ చర్చిలోని మరియమ్మ విగ్రహం పెద్దల్లుడి చేతికే వస్తుందని అందరూ అనుకున్నారు. చిన్నల్లుడికి వచ్చింది. ఆ కబురు తెలిసిన దగ్గర్నుంచి పెద్దల్లుడికి తిన్నది ఒంటబట్టడం లేదు.

లోపల స్తంభాలు ఎక్కడ ఆగాయో చూడాలంటే మెడ వెనక్కి వంచాలి. పైకప్పు నిండా దేవదూతల బొమ్మలు. రంగుటద్దాల్లోంచి దిగిన ఎండ నేల మీద ఎరుపూ నీలమూ పరిచింది. వచ్చినవాళ్ళంతా తలలెత్తి నిలబడిపోయారు. పెద్దల్లుడు తల ఎత్తలేదు. నేరుగా బలిపీఠం దగ్గరికి నడిచాడు.

విగ్రహం మీద మసి పోయింది. మరియమ్మ ముసుగు అంచున బంగారు గీత బయటపడింది. అతను అతుకుల కోసం వెతికాడు. చెక్కిన బట్ట మడతల్లో కొవ్వొత్తుల మైనం మిగిలిందేమోనని వెతికాడు. ఏదీ దొరకలేదు.

పక్కన ఒక అద్దాల పెట్టె ఉంది. తర్వాతి కాలాల్లో విగ్రహానికి తగిలించినవన్నీ ఊడదీసి అందులో పెట్టారు. రేకు కిరీటం, ఒక పాదం, రెక్క ముక్క. అసలు శిల్పి చెక్కనిది ఏదీ విగ్రహం మీద ఉండకూడదని ఫాదరుగారు పట్టుబట్టారట.

చిన్నల్లుడు జనానికి వివరిస్తున్నవాడల్లా తోడల్లుణ్ణి చూసి, చేయి పట్టి ముందుకు లాక్కెళ్ళి, మరియమ్మ ఒళ్ళోని బాలయేసు చాచిన చేతిని చూపించాడు.

"అన్నిచోట్లా నా పనితనం అవసరమైంది గానీ అన్నయ్యా, దీన్ని మాత్రం మసి తుడిచి వదిలేశాను. ఇలా చెక్కేవాడు ఇప్పుడు లేడు."

పెద్దల్లుడి భార్య ఆ చేతిని చూసి మొగుడి మోచెయ్యి గిల్లింది. అది అతను చెక్కిన చెయ్యి. చిన్నల్లుడు ఇంకా ఆ ఇంటి గడప తొక్కని రోజుల్లో, విరిగిన చేతికి బదులు కొత్తది చెక్కమని మామగారు అతనికి అప్పగించారు. కొయ్య పాతదనం కలవాలని ఈ చర్చి పైకప్పు నుంచి దించిన పాత దూలం ముక్క తీసుకున్నాడు. ఆమె ఒళ్ళో తమ పసివాణ్ణి పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. వాడి చిటికెన వేలు పుట్టుకతోనే లోపలికి వంగి ఉండేది. అలాగే చెక్కాడు. అతుకు బాలయేసు చొక్కా అంచు కింద కనబడకుండా పోయింది.

ఒక్క మాట చాలు. ఫాదరుగారి ఎదుటే చిన్నల్లుడి గాలి తీసెయ్యచ్చు. పెద్దల్లుడు నోరు తెరిచాడు కూడా. అప్పుడు కళ్ళు అద్దాల పెట్టె మీద పడ్డాయి. చెబితే సాయంత్రానికల్లా ఆ చెయ్యి రేకు కిరీటం పక్కన ఉంటుంది.

అయినా ఊరుకోలేకపోయాడు. "చిటికెన వేలు వంకరపోయినట్టు లేదూ?" అన్నాడు.

"అసలు సంగతి అక్కడే ఉందన్నయ్యా. పసివాణ్ణి ఎదురుగా పెట్టుకుని చెక్కాడు మహానుభావుడు. మనలాంటివాళ్ళమైతే ఆ వేలు తిన్నగా చెక్కేసి చేతులు దులుపుకునేవాళ్ళం."

జనం నవ్వారు. ఫాదరుగారు తల ఊపారు. పెద్దల్లుడు ఇంకా ఆ 'మనలాంటివాళ్ళ' దగ్గరే ఆగిపోయాడు. అతని భార్య నవ్వాపుకోవడానికి పైకప్పు మీది దేవదూతలను చూస్తూ ఉండిపోయింది.

మెట్లు దిగుతూ ఆమె అంది, "చెప్పకపోవడమే మంచిదయింది లెండి. మనవాడి చెయ్యి అక్కడే ఉంటుంది. మరిదిగారు అంతమందిలో మెచ్చుకున్నారు కూడానూ."

"మెచ్చుకున్నది నన్నా?"

ఇంటిదాకా అతను చిన్నల్లుడి ఊసెత్తలేదు. దారి పొడుగునా ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన అసలు శిల్పిని దులిపేశాడు. "ముఖం బాగానే చెక్కాడు, కాదనను. చేతుల దగ్గరే తేలిపోయేవాడు. ఆ విరిగిన చెయ్యి నేను చూశాను కదా, అచ్చం గరిటె."