పల్లంలో మొదటి ఇల్లు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నాన్న, అమ్మ, నెలలు నిండిన అక్క, బావ, ఇళ్లు కట్టే కాంట్రాక్టరు, వాళ్లందరికీ మంచినీళ్లు అందిస్తున్న చిన్నది. ఏటి పక్క పల్లంలో కొత్త ఇళ్లకు అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది ఊరి పెద్దగా నాన్న చేతిలో ఉంది. ఇస్తే మొదటి ఇల్లు అక్కదేనని కాంట్రాక్టరు మాటిచ్చాడు.

చిన్నదానికి నలుగురిలో నోరు పెగలదు. కానీ పొద్దున పల్లంలో చూసింది కడుపులో దాచుకోలేకపోయింది.

"నాన్నా, హద్దులకు పాతిన గూటాలు ఒరిగిపోయాయి. ఒకటి పీకి చూశాను. ఈమధ్య వానే లేదు కదా, అయినా గుంటలో నీళ్లు ఊరాయి."

"మా మరదలు పిల్లకు మాటలొచ్చాయర్రోయ్!" అంటూ బావ పకపకా నవ్వాడు.

"మట్టి పోసి మెరక చేస్తాం కదమ్మా," అన్నాడు కాంట్రాక్టరు.

"పోయిన వరదకు నువ్వు అక్కడే పడవ నడిపావు నాన్నా. అక్క కూడా ఎక్కింది."

అమ్మ తల దించుకుంది. సంతకానికి వంగిన నాన్న కలం పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

అక్క నడుం పట్టుకుని మెల్లగా లేచింది. తన పక్షానికే వస్తోందనుకుని చిన్నదానికి ప్రాణం లేచి వచ్చింది. అక్క ఆమె చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్లింది.

"అత్తారింట్లో ఒక్క గదిలో ఎంతమందిమి పడుకుంటామో నీకేం తెలుసే? నీకు దణ్ణం పెడతాను, నా ఇంటికి అడ్డం పడకు."

"అక్కా, పాప పుట్టాక నీళ్లొస్తే?"

అక్క లోపలికి వెళ్లి, చెల్లెలి మొహం మీదే తలుపు మూసి గడియ పెట్టింది.