వంతెన మీద అరుపు

చదువు మానేస్తానని వినీల చేత టీసీ దరఖాస్తు రాయించింది మీరే, యూనివర్సిటీ పెద్దలారా! వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి పిల్ల. సెమినార్‌లో ఇంగ్లీషు తడబడితే "మీ ఇంట్లో ఎవరూ చదువుకోలేదా?" అని మీ మాస్టారు క్లాసంతా నవ్వించాడు. చదువుకోలేదు. వాళ్లమ్మ ప్రసన్నకుమారి ఊడ్పులకు వెళ్తుంది. అయితే ఏంటట?

ఆ కాగితం ఇచ్చేయడానికి వినీల బయల్దేరిన పొద్దున, నిడదవోలులో నేనూ రైల్లో అదే ఆడవాళ్ల పెట్టె ఎక్కాను. యూనివర్సిటీకి వెళ్లే పిల్లలు ఆరుగురు, అందరూ కూలోళ్ల బిడ్డలే. వినీల రెండు రోజులుగా అన్నం తినడం లేదని స్నేహితురాలు సాయిసుధ నాతో చెప్పింది.

"ఇవాళైనా అరవ్వే," అంది సాయిసుధ.

"పోవే, నాకు సిగ్గు."

"సిగ్గుపడి ఏం చేస్తావ్? మీ అమ్మతో ఊడ్పులకెళ్తావా?"

"వెళ్తా. అక్కడ ఇంగ్లీషు అడగరుగా!"

అరవడమేంటో నాకు అర్థం కాలేదు. కొవ్వూరు దాటి బండి ఇనుప వంతెన ఎక్కింది. కింద గోదారి, చుట్టూ దూలాల మోత. పక్కమనిషి మాట కూడా వినబడదు. అప్పుడు ఐదుగురు పిల్లలూ కిటికీ ఊచలకు మొహాలానించి అరవడం మొదలెట్టారు. తప్పిన పరీక్షలు, ఇంట్లో తిట్లు, భయాలు, ఎవరికీ చెప్పుకోలేనివన్నీ ఆ మోతలో పారేస్తున్నారు. రోజూ ఇంతేనట. నాకొక్క ముక్క వినబడలేదు. మెడ నరాలు కనబడ్డాయి. ఎన్నో మీటింగుల్లో గొంతు చించుకున్నదాన్ని, ఇలాంటి అరుపు ఎన్నడూ చూడలేదు.

వినీల లేచింది. ఊచలు పట్టుకుని, కళ్లు మూసుకుని, నోరు తెరిచింది. ఆ బక్క ప్రాణంలో అంత ఊపిరి ఎక్కడ దాగుందో! దణ్ణం పెట్టాలనిపించింది.

వంతెన అయిపోయింది. మోత ఆగింది. కళ్లు మూసుకున్న వినీల ఆగలేదు.

"నేను మొద్దును కాదూ!"

పెట్టంతా వినబడింది. ఆకుకూరల గంప పక్కన కునుకుతున్న అచ్చాయమ్మ ఉలిక్కిపడింది. "కాదులే తల్లీ, ఎవడన్నాడు?"

అందరూ పగలబడి నవ్వారు. వినీల కూడా నవ్వింది. నవ్వుతూనే సాయిసుధ డబ్బా లాక్కుని ఉప్మా తినేసింది.

రాజమండ్రిలో దిగాక అడిగాను, "టీసీ దరఖాస్తు ఇచ్చేస్తావా అమ్మా?"

"ఇవ్వనండి. సోమవారం సెమినార్ మళ్లీ చెప్తానండి. తెలుగులోనే చెప్తాను, కూర్చుని వినమనండి."

విన్నారుగా. సోమవారం ఆ పిల్లను తెలుగులో చెప్పనివ్వండి. నవ్వించిన మాస్టారు ఆ క్లాసులోనే క్షమాపణ చెప్పాలి. ఈ పిల్లల భయం కూర్చుని వినే ఆడమనిషిని, తెలుగొచ్చినామెను, ఈ నెలలోనే ఉద్యోగంలో వెయ్యండి. కమిటీలూ పరిశీలనలూ వద్దు. వెయ్యండి.