పొట్టి పానా

ఇంజన్ హెడ్డు అంచు మీద కింది పెదవి ఆనించి తిప్పయ్య మెల్లగా పక్కకు జరుపుకుంటూ పోతున్నాడు. చేతులు బానెట్ అంచును పట్టుకున్నాయి, కళ్లు మూసుకునే ఉన్నాయి. మూల మలుపు దగ్గర పెదవికి ఏదో గరుగ్గా తగిలింది. పాత ప్యాకింగ్ తాలూకు కార్కు ముక్క, ఆవగింజంత ఉంటుందేమో. బ్లేడుతో దాన్ని గీకి, పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ అక్కడే పెదవి పెట్టి చూశాడు.

"ఏం మామా, ఇంట్లో పెద్దక్క చాలక ఇంజన్‌కు గూడా ముద్దులు పెడతాండావా?" అన్నాడు జీపు డ్రైవరు ఓబుళేసు. కదిరికి పోవాలని జీపు చుట్టూ కాచుకున్న జనం పగలబడి నవ్వారు. భార్య పేరెత్తినా తిప్పయ్య కూడా నవ్వాడు. నవ్వకపోతే కారణం చెప్పాల్సి వస్తుంది మరి.

కారణం వేళ్లలో ఉంది. ఏళ్ల తరబడి డీజిల్లో నానిన వేళ్లకు సుగరు తోడైంది. నరాలు చచ్చిపోయాయన్నాడు డాక్టరు. ఆ మధ్య వేడి సైలెన్సర్ మీద చెయ్యి పెట్టి మరిచిపోయాడు. కమురు వాసన వస్తే, పక్క సందులో ఎవరో గొర్రె తలకాయ కాలుస్తున్నారనుకున్నాడు పాపం! కాలుతున్నది తన వేలేనని చూస్తే గాని తెలియలేదు.

వాల్వుల మీద బోర్లించే రేకు కవరుకూ హెడ్డుకూ నడుమ కార్కు ప్యాకింగ్ పడుతుంది. కింద నలుసున్నా, తడున్నా ఆయిల్ కారుతుంది. బోల్టు వదులైతే కారుతుందని అందరికీ తెలుసు. మరీ బిగిస్తే ఇంకా ఎక్కువ కారుతుందంటే మాత్రం ముదిగుబ్బలో ఒక్కడూ నమ్మడు. రేకు వంగిపోతుంది, కార్కు నలిగి బయటికొస్తుంది. వేళ్లు చచ్చాక ఎంత బిగిసిందో తెలియక తిప్పయ్య చేతిలోనే అట్లా బళ్లు పాడయ్యాయి. అందుకే నలుసుల కోసం పెదవి పెడుతున్నాడు, బిగింపు కోసం చిన్న పానా పిడిని సగానికి కోసుకున్నాడు. పిడి పొట్టిదైతే ఎంత బలం పెట్టినా బోల్టు మితిమీరి బిగుసుకోదు. బుద్ధి ఉన్నవాడే తిప్పయ్య, ఆ బుద్ధిని ఎవరికీ చెప్పుకోలేని బతుకైపోయింది, అంతే.

షెడ్డు యజమాని సోమశేఖర్ పక్కనే స్పేర్ పార్టుల దుకాణంలో కూర్చుంటాడు. పొద్దున రేకు తలుపు తెరుస్తూనే మొహం మీద చెప్పేశాడు. "ఇదే కడసారి తిప్పయ్యా. ఈ జీపు గూడా కారిందంటే రేపట్నించి రావాకు."

షెడ్డు పోతే ఇంకేముంది? వానల్లేక శెనక్కాయ చేను ఎండి, వేసిన విత్తనం కూడా చేతికి రాలేదు. పని పోయినవాళ్లంతా బెంగళూరు దారి పట్టి, కడుతున్న బిల్డింగుల దగ్గర కాపలా ఉంటున్నారు. పెద్దక్కకు మోకాళ్లు పట్టేసి గడప దాటడమే కష్టంగా ఉంది. "నువ్వు యాడికన్నా పో, నన్ను మాత్రం ఆ సిమెంటు మూటల మధ్యకు పిల్చుకపోవాకు," అని ముందే చెప్పేసింది. ఆమెను వదిలిపోవడం తిప్పయ్య వల్ల అయ్యే పని కాదు.

కవరును నాపబండ మీద బోర్లించి, కింద ఎక్కడన్నా వెలుతురు కనిపిస్తుందేమోనని వంగి చూశాడు. కనిపించిన చోట కొయ్యసుత్తితో తట్టి సరిచేశాడు. కొత్త కార్కు పరిచాడు. బోల్టులన్నీ ముందు చేత్తోనే తిప్పి, తర్వాత నడిమి నుంచి అటొకటి ఇటొకటిగా పొట్టి పానాతో బిగించుకుంటూ పోయాడు. కార్కు అంచు కొద్దిగా ఉబ్బగానే ఆపేశాడు. ఇంజన్ స్టార్ట్ చేయించి, వేడెక్కేదాకా అక్కడే నిలబడ్డాడు. చుక్క రాలేదు.

"సావుకారూ, పొడిగా ఉండాది, వచ్చి చూడు," అని కేకేసి, ఒళ్లంతా తేలికై, వెనకవైపు సంగటి తినడానికి పోయాడు. చాలా రోజుల తర్వాత ఆ పూట సంగటి రుచిగా అనిపించింది. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి జీపు వెళ్లిపోయి ఉంది.

మధ్యాహ్నమంతా గాలి. షెడ్డు రేకు తలుపు టపటపా కొట్టుకుంటూనే ఉంది. ట్రాక్టర్ ఫిల్టరు కడుగుతూ తిప్పయ్య మాటిమాటికీ కదిరి రోడ్డు వైపు చూశాడు. ఇంకో నాలుగేండ్లు ఈడే గడిచిపోతే చాలు దేవుడా, అనుకున్నాడు.

పొద్దు వాలుతుండగా జీపు వచ్చింది. బానెట్ సందుల్లోంచి పొగ. ఆయిల్ వేడి సైలెన్సర్ మీద పడి కమురుకంపు కొడుతోంది. సగం దారిలోనే జనాన్ని దింపేసి వచ్చిన ఓబుళేసు నోటికొచ్చినట్టు తిడుతూ దిగాడు. సోమశేఖర్ దుకాణంలోంచి బయటికొచ్చాడు.

"ఇదేనా నీ పొడి? పెట్టప్పా ఇప్పుడు ముద్దు! కాలతాదో లేదో అందరం చూస్తాం," అన్నాడు సోమశేఖర్.

తిప్పయ్య వంగి చూశాడు. ప్రతి బోల్టు దగ్గరా రేకు గుంటపడి ఉంది. బోల్టుల నడుమ కార్కు చీలి, నాలుకలాగా బయటికొచ్చింది. ఈ బిగింపు పొట్టి పానాతో అయ్యేది కాదు.

"ఇది నా పట్టు కాదు సావుకారూ. ఎవరో మళ్లీ బిగించినారు," అన్నాడు.

ఓబుళేసు నోరు ఊరుకోలేదు. "నువ్వు సంగటికి పోయినప్పుడు సావుకారే గదా, పెద్ద పానాకు పైపు తగిలించి ఇంకా గట్టిగా పట్టిచ్చినాడు!" అనేసి, వెంటనే నాలుక కరుచుకున్నాడు. జీపు రేపు మళ్లీ ఈ షెడ్డులోనే బాగుపడాలి.

సోమశేఖర్ మొహంలో రవ్వంత మార్పు లేదు.

"అవునప్పా, పట్టిచ్చినా. నీ చేతి మీద నమ్మకం ల్యాకనే పట్టిచ్చినా. నమ్మకం లేని చెయ్యి నా షెడ్డులో ఎందుకు?"

"కవరు వంగింది. బండ మీద సరిజేసి, కొత్త ప్యాకింగ్ ఏసి పోతా. ఈ ఒక్కసారి..."

"ఏం అక్కర్లేదు. నాకు చేతులున్నాయి."

తిప్పయ్య ఓబుళేసు వైపు చూశాడు. ఓబుళేసు టైరు వైపు చూశాడు. ఇక అడగడానికి ఎవరూ లేరు. తిప్పయ్య సంగటి గిన్నె గుడ్డలో మూట కట్టుకుని, పొట్టి పానాను చొక్కా జేబులో వేసుకున్నాడు.

"యాడికి ఎత్తుకపోతాండావు? అది షెడ్డుది," అన్నాడు సోమశేఖర్. "మంచి పానాకు తోక కోసి పాడుచేసిందే కాకుండా!"

తిప్పయ్య దాన్ని తీసి బండ మీద పెట్టాడు. వేళ్లకు ఏమీ తెలియదు కాబట్టి, వదిలిందో లేదో ఒకసారి వంగి చూసుకున్నాడు. బెంగళూరు సంగతి పెద్దక్కకు ఏ నోటితో చెప్పాలో తెలియక రోడ్డెక్కి కాసేపు అక్కడే నిలబడిపోయాడు.

వెనక మళ్లీ తలుపు కొట్టుకోవడం మొదలైంది. తిరిగి చూశాడు. సోమశేఖర్ జీపు మీదకు వంగి, పెద్ద పానాకు పైపు తగిలిస్తున్నాడు. "ఓబుళేసూ, ఆ తలుపుకు ఏదన్నా అడ్డం పెట్టురా, చెవులు పగిలిపోతాండాయి," అన్నాడు తల ఎత్తకుండానే. ఓబుళేసు అటూ ఇటూ వెతికి, బండ మీద చేతికి దొరికినదాన్ని తీసి తలుపు కింద కాలితో తోశాడు. చప్పుడు ఆగిపోయింది. రేకు తలుపు కింద నుంచి పొట్టి పానా నోరు ఒక్కటే బయటికి కనిపిస్తూ ఉంది.