ముప్పై నాలుగు దగ్గర ఆగిన వేలం

మారేడ్‌పల్లి గుండె క్లినిక్‌లో సుకన్య పొద్దున్నే చేసే మొదటి పని జెల్ సీసాను వేడినీళ్ల గిన్నెలో పెట్టడం. చల్లటి జెల్ తగిలితే మనిషి బిగుసుకుపోతాడు, స్కానింగ్ సరిగా రాదు. రెండో పని మిషన్ సౌండ్ తగ్గించడం. ఆమె ఛాతీకి స్కానింగ్ ప్రోబ్ ఆనిస్తే ఎవరి రక్తమైనా వాళ్లు రోజూ పనిలో వినే మాటలే పలుకుతుంది మరి. మొన్నొక కండక్టర్ గుండె "రైట్, రైట్" అని అరుస్తుంటే, పక్కగది పళ్ల డాక్టరు వచ్చి కాస్త మెల్లగా కానివ్వమన్నాడు. అంతకుమించి ఎవరూ పట్టించుకోలేదు.

ఆవేళ విజయమ్మ వచ్చింది. ముప్పై ఏళ్లుగా బోయిన్‌పల్లి మార్కెట్ వేలంలో కూరగాయలు కొని కార్ఖానా ఏరియాలో బండి మీద అమ్మే మనిషి. మూడు నెలల కింద నాలుగు మెట్లెక్కి ఊపిరాడక కూలబడింది. ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే నాళంలో ఒత్తిడి డెబ్బై రెండుందన్నారు. అప్పట్నుంచి ఆమెకు మందులు, బండికి మూల. ఇవాళ నలభై లోపుకి దిగకపోతే సోమవారం గుండెలోకి గొట్టం పంపి చూడాల్సిందేనని డాక్టర్ సత్యదేవ్ చెప్పేశాడు.

"గొట్టమంటేనే పానం పోతది బిడ్డా. జెర మంచిగ చూడు," అంది విజయమ్మ.

సుకన్య ఆమెను ఎడమపక్కకు తిప్పి ప్రోబ్ ఆనించింది. లోపల ఎవరో వేలం షురూ చేశారు. "ఇరవై ఆరు..." గొంతు గొణుగుతోంది.

"రాసెయ్ మరి," విజయమ్మ మొహం వెలిగింది.

సుకన్యకూ రాసెయ్యాలనే ఉంది. కానీ రక్తం దూకే దారికి సూటిగా ప్రోబ్ పట్టకపోతే అంకె తక్కువే వస్తుంది. దాన్ని నమ్మి ఇంటికి పంపిస్తే ఆ మనిషి దక్కదు.

"వేలం ఇంకా అయిపోలే అమ్మా. గొణిగే గొంతును మీరు నమ్ముతరా?"

"నమ్మ," అని విజయమ్మ ఒప్పుకుంది.

సుకన్య పక్కటెముకల సందులన్నీ వెతికింది. ముప్పై. ముప్పై రెండు. విజయమ్మ దుప్పటి గట్టిగా పట్టుకుంది. ఊపిరి వదిలి ఆపమంటే ఆపింది. "ముప్పై నాలుగు!" ఈసారి గొంతు ఖంగుమంది. సుకన్య భుజం పీకుతున్నా ఇంకో నాలుగు చోట్ల చూసింది. అంతకుమించి పాడేవాళ్లు లేరు.

"ముప్పై నాలుగు ఒకటోసారి... రెండోసారి... మూడోసారి," అని లోపలి గొంతు వేలం ముగించింది.

గుమ్మంలో నిలబడి విన్న సత్యదేవ్ అంకె రాసుకున్నాడు. "గొట్టం అక్కర్లేదండీ. మందులు మానకండి, మూటలెత్తకండి. బండి మాత్రం మళ్లీ పెట్టుకోండి."

"ఇన్నేండ్ల సంది వేలానికి పోతున్న, ఇంత అగ్గువ ధరకు ఎన్నడు దొరకలే," అంటూ విజయమ్మ జెల్ తుడుచుకుని లేచింది. సుకన్యకు సంతోషంతో కళ్లు చెమర్చాయి.

వారం తర్వాత సుకన్య కార్ఖానా మీదుగా ఇంటికి పోతుంటే, బండి దగ్గర విజయమ్మ గుక్క తిప్పుకోకుండా టమాట, బెండ, దొండ, బీర అని కేకేస్తోంది. సుకన్య ఆగి మొత్తం విన్నది. ఆ సౌండ్ తగ్గించాలని ఆమెకు అనిపించలేదు.