పాప మందు, అమ్మ కన్ను

పిచ్చుకకు ఐదేళ్లు. అసలు పేరు బడిలోనే, ఇంట్లో పిచ్చుకే. బొమ్మల పుస్తకం పట్టుకుంటే చాలు, దాని కుడికన్ను ముక్కువైపు తిరిగిపోయేది. కళ్ల డాక్టరమ్మ చూసి, దగ్గరివి మసకబారే దీర్ఘదృష్టి గట్టిగానే ఉన్నట్టుందని చెప్పింది.

"పిల్లలు కంటి కండరం బిగబట్టి నెట్టుకొచ్చేస్తారమ్మా. ఆ బిగువు సడలితేగానీ అసలు పవర్ తేలదు. ఈ చుక్కలు మూడు రోజులు వేసి తీసుకురండి. కంటిపాపలు పెద్దవవుతాయి, ఎండ చూస్తే కళ్లు తట్టుకోలేవు. కంగారుపడకండి."

చెప్పినంత తేలికగా జరగలేదు. సీసా చూడగానే పిచ్చుక ఇల్లు పీకి పందిరేసేది. నాన్న దాని తల కదలకుండా పట్టుకుంటే, అమ్మ రెప్పలు విడదీసి వేసేది. సగం మందు చెంపల మీదికే కారేది. మూడోనాడు సాయంత్రం పిల్ల వెక్కివెక్కి ఏడుస్తుంటే అమ్మకూ ఆగలేదు. వేళ్లతో దాని చెంపలు తుడిచి, తన కళ్లూ తుడుచుకుంది.

అమ్మ పని బ్యూటీ పార్లర్లో, జుట్టు కత్తిరించడం. మర్నాడు పొద్దున అద్దం చుట్టూ బల్బులు వెలిగించగానే, పక్క కుర్చీ దగ్గర పనిచేసే అమ్మాయి ఉలిక్కిపడింది.

"అక్కా, నీ కన్నేంటి అలా ఉంది?"

అద్దంలోకి వంగి చూసుకుంది. ఎడమ కంటిపాప నల్లగా, కన్నంతా తానే అన్నట్టు విచ్చుకుని ఉంది. ఫోన్ లైటు వేసుకుంది. కుడిది ముడుచుకుంది. ఎడమది కదల్లేదు. కుడికన్ను మూసి దువ్వెన చూస్తే, పళ్లన్నీ అలుక్కుపోయి కనిపించాయి.

ఆమెకు తన తండ్రి గుర్తొచ్చాడు. ఆయనకు తలలో నరం చిట్లినప్పుడు డాక్టరు ఇలాగే లైటు వేసి చూశాడు. ఒక కంటిపాప కదల్లేదు. ఆయన మళ్లీ ఇంటికి రాలేదు.

"ఏమండీ, వెంటనే రండి," అంది ఫోన్లో.

లిఫ్టులు బాగుచేసే పిచ్చుక నాన్న, చేతుల గ్రీజైనా కడుక్కోకుండా వచ్చాడు. సాయంత్రం ఎలాగూ పిచ్చుకను చూపించాలి కదా, దాన్నీ ఎత్తుకుని తిన్నగా డాక్టరమ్మ దగ్గరికే పరుగెత్తారు.

డాక్టరమ్మ లైటు వేసి చూసింది. తలనొప్పి ఉందా, వాంతులయ్యాయా, ఒక్కటే రెండుగా కనిపిస్తోందా అని అడిగింది. ఏవీ లేవు. రెప్ప వాలలేదు, కనుగుడ్డు అన్ని వైపులా తిరుగుతోంది.

"పాపకు మందు వేసేదెవరు?"

"నేనేనండీ."

"వేశాక చేతులు కడుక్కున్నారా?"

అమ్మ ఆయన వైపు చూసింది.

"నిన్న పాపతోపాటు తనూ ఏడిచిందండీ. ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుంది," అన్నాడాయన.

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ రెండు కళ్లలోనూ వేరే చుక్క వేసింది. "ఇది కంటిపాప ముడుచుకునేట్టు చేసే మందు. లోపల నరం దెబ్బతిన్నా సరే, దీనికి ముడుచుకుంటుంది. పాప మందు పడి ఉంటే మాత్రం ముడుచుకోకుండా మొండికేస్తుంది. అరగంట ఆగి చూద్దాం."

ఆ అరగంట అమ్మ ఆయన చెయ్యి వదల్లేదు. ఆ తర్వాత డాక్టరమ్మ చూస్తే కుడిది ఆవగింజంత అయింది. ఎడమది మొండికేసింది.

"పాప మందేనమ్మా, ఎడమ కంటికే అంటింది. వారం పది రోజుల్లో అదే సర్దుకుంటుంది."

అమ్మ చీర చెంగులో మొహం దాచుకుని ఏడ్చింది.

"మళ్లీ కళ్లు తుడుచుకుంటున్నావ్," అన్నాడాయన. "మందేసింది ఒక పాపకు, పనిచేసింది కంటిపాపలన్నిటికీ!"

పిచ్చుకను కూడా అప్పుడే చూసేసింది డాక్టరమ్మ. పవర్ ప్లస్ ఆరు. కళ్లద్దాలు వదలకుండా పెట్టుకుంటే కన్ను తిన్నగా నిలబడే అవకాశమే ఎక్కువనీ, ఇప్పటికి ఆపరేషన్ మాట అక్కర్లేదనీ చెప్పింది.

బయట ఎండ ఫెళ్లున కాస్తోంది. తల్లీకూతుళ్లిద్దరూ ఒకేసారి కళ్లు చికిలించారు.

"అమ్మా, నాకు తోడుగా నువ్వూ వేసుకున్నావా?" అంది పిచ్చుక.

"అవునే, నువ్వొక్కదానివే ఏడవడం ఎందుకని," అంటూ దాన్ని చంకనెత్తుకుంది అమ్మ. పొద్దుటినుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. కడుపు కరకరలాడుతోంది.