తొమ్మిదో అంతస్తు కిటికీ

నగరం చూద్దామని వచ్చి రెండు రోజులైనా, మా నాలుగేళ్ల బుజ్జి హోటల్ గది కిటికీ ఛాయలకైనా రాలేదు. అంత ఎత్తు నుంచి కిందికి చూడాలంటే దానికి గుండె జారిపోయేది.

మూడో రోజు పొద్దున, అద్దాలు తుడిచే ఆయన తాడుకు వేలాడుతూ మా కిటికీ ముందుకు దిగాడు. మంచం చాటు నుంచి తొంగిచూస్తున్న బుజ్జిని గమనించి, అద్దం మీది సబ్బునురగలో వేలితో పిల్లిబొమ్మ గీశాడు. మీసాలు మాత్రం గీయకుండా ఆగాడు.

"నాన్నా, మీసాలు మర్చిపోయాడు," అంటూ బుజ్జి పరుగెత్తి అద్దానికి వేలు ఆనించింది. అది వేలు జరిపిన చోటల్లా ఆయన బయట నుంచి గీత గీశాడు.

"రెండ్రోజులుగా చూసినవన్నీ ఒకెత్తు, ఈయనొక్కడూ ఒకెత్తండీ," అంది మా ఆవిడ.

అద్దం తళతళలాడేలా తుడిచి ఆయన కిందికి దిగిపోతుంటే, బుజ్జి అద్దానికి నుదురు ఆనించి, ఆయన నేల మీద కాలు పెట్టేదాకా చూస్తూనే ఉంది.